సాంబ్రాణి పొగ వేళ

మా మేడమ్ పోయారన్న కబురు నాకు యూనివర్సిటీ నుంచి రాలేదు. మెట్టుగూడ నుంచి వచ్చింది. గురువారం పొద్దున నేను రామంతాపూర్‌లో పాఠం చెప్పే కాలేజీకి బయల్దేరుతుంటే మేరమ్మ ఫోన్ చేసింది. "మేడమ్ పోయింది బిడ్డా. నిద్రలనే పోయింది. నువ్వు తార్నాకకు రా," అంది. ఆ గొంతులో ఏడుపు లేదు. ఇంటి పెద్ద పోతే మిగతావాళ్ళందరికీ చెప్పే పని మీద వేసుకున్న మనిషి గొంతు అది. నేను హబ్సిగూడ దాటాక గానీ మా డిపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు రావడం మొదలవలేదు.

మేరమ్మ ఎవరో చెప్తే గానీ ఇది మీకు అర్థం కాదు. మెట్టుగూడలో రైల్వే క్వార్టర్ల వెనక ఒక గల్లీ ఉంది. అక్కడి మనిషి ఆమె. చాలా ఏళ్ళ కింద మేం మా మేడమ్ తరఫున పరిశోధనకని వెళ్తే గుమ్మంలోంచే మమ్మల్ని వెనక్కి పంపేసింది. అలాంటామె గత ఏడాదిగా, మేడమ్‌కు నడక తగ్గినప్పటి నుంచి, పొద్దున్నే తార్నాక వెళ్ళి తలుపు కొట్టి పలకరించి వచ్చేది. ఆమెకు వీలుకాని రోజు ఆ గల్లీలో ఇంకెవరో వెళ్ళేవారు. ఎవరి మీద పరిశోధన చేశారో వాళ్ళే వంతులు వేసుకుని చివరిదాకా చూసుకున్న ప్రొఫెసర్ మా క్యాంపస్‌లో ఇంకొకరు ఉన్నారేమో నాకు తెలియదు. ఉంటే సంతోషిస్తాను.

మేడమ్ సైకాలజీ చెప్పేవారు. పొగడ్త అంటే ఆమెకు అస్సలు పడదు. ఎవరైనా మొదలుపెడితే గడియారం చూసుకునేవారు. ఇప్పుడు చూసుకోలేరు కాబట్టి నేను ధైర్యంగా పొగుడుతున్నాను. పెళ్ళి చేసుకోలేదు. తార్నాకలో ఒక గల్లీ చివర పాత అపార్ట్‌మెంట్లో కింది అంతస్తులో ఉండేవారు. అక్కడి నుంచి క్యాంపస్‌కు నడిచే వచ్చేవారు. దారిలో చెట్ల కింద పోటీ పరీక్షలకు చదువుకుంటున్న పిల్లలు ఎవరు కనబడినా "తిన్నరా?" అని అడిగి, జవాబు వినేదాకా కదిలేవారు కాదు. తినలేదంటే మాత్రం ఆ పిల్లల పని అయిపోయినట్టే. క్యాంటీన్ దాకా నడిపించుకుపోయేవారు.

సకినాలు తింటూ మా థీసిస్‌లు చదివే అలవాటు ఆమెది. కాగితాలు తిరిగి మా చేతికి వచ్చేసరికి పేజీల మధ్య నుంచి నువ్వులు రాలిపడేవి. పొడి ఎక్కువ పడిన పేజీ ఆమెకు బాగా నచ్చిన పేజీ అని మాలో మేం లెక్క కట్టుకునేవాళ్ళం. నా మొదటి అధ్యాయం అద్దంలా శుభ్రంగా తిరిగొచ్చింది. నాలుగు రోజులు అన్నం సహించలేదు.

పిల్లలు లేని మీకు బాలింతల సంగతి ఎందుకని ఒకసారి సెమినార్లో ఒక పెద్దాయన నవ్వుతూ అడిగాడు. "కాలు విరగకుండనే ఎముకల డాక్టర్లు అయితలేరా సార్?" అన్నారు మేడమ్, ఆయనకంటే చక్కగా నవ్వుతూ.

అసలు సంగతి ఆ బాలింతలదే. కాన్పుకు ముందూ కాన్పు తర్వాతా ఆడవాళ్ళ మనసు ఎలా ఉంటుంది, ఎవరికి దిగులు జబ్బుగా మారుతుంది అన్నది మేడమ్ తలపెట్టిన పరిశోధన. నేనప్పుడు లేడీస్ హాస్టల్లో ఉంటూ ఆమె దగ్గర రీసెర్చ్ చేస్తున్నాను. నల్గొండ వైపు వ్యవసాయం ఇంటి పిల్లని కదా, నలుగురిలో కలుస్తానని నన్ను ఇంటింటికీ పంపారు. క్యాంపస్‌లో ఎథిక్స్ కమిటీ అని ఒకటి ఉంటుంది. మనుషుల మీద చేసే పరిశోధన వాళ్ళకు కీడు చేయకుండా చూడటం దాని పని. ఆ కమిటీ మాకు గట్టిగా చెప్పింది: ఆమె చెప్పే మాట మూడో మనిషి చెవిన పడకూడదు. గదిలో ఆమె, మీరు, అంతే.

మేం నియమం తప్పని మనుషులం. మెట్టుగూడ గల్లీలో చాలా ఇళ్ళు ఒకే గది. అత్తగారిని, మరుదుల్ని, పెద్ద పిల్లల్ని బయటికి పంపి, తలుపు వేసుకుని, గొంతు తగ్గించి అడిగేవాళ్ళం. లోపల మాట బయటికి పోకుండా చూశామని మాకు ఎంత గర్వమో. బయట మాత్రం గల్లీ గల్లీ అంతా ఆ మూసిన తలుపు వైపే చూస్తూ నిలబడేది. క్యాంపస్ వాళ్ళు వచ్చి తలుపేసుకుని అడిగారంటే ఆ ఇంటి కోడలికి మెంటల్ ఉన్నట్టేనని సాయంత్రానికల్లా అందరూ తేల్చేశారు. మేం మాటను దాచి మనిషిని బయటపెట్టాం. ఒక ఇంట్లోనైతే ఆ రాత్రే మొగుడు గొడవ చేశాడు, నా పరువు తీశావని.

పైగా మాకు దొరికిన జవాబు కూడా ఉత్తదే. ఏడుపొస్తోందా అని అడిగితే ఒక్కరు కూడా అవునని అనలేదు. బాలింత ఏడవకూడదు, ఏడిస్తే పాలు తగ్గుతాయి, కళ్ళు పోతాయి అని అక్కడ అందరి నమ్మకం. ఏడ్చానని చెప్పడం అంటే బిడ్డ పాలు చెడగొట్టానని ఒప్పుకోవడమే. ఇంత దిగులు లేని గల్లీ లోకంలో ఉండదనుకుంటూ మేం లేదు, లేదు అని గీతలు గీసుకుని వచ్చేవాళ్ళం.

అప్పుడు తగిలింది మేరమ్మ. కోడలు స్వప్న కడుపుతో ఉంది. మమ్మల్ని చూడగానే గుమ్మానికి అడ్డంగా చేయి పెట్టి, "మా కోడలికి పిచ్చి లేదు. మా ఇంటి తలుపెయ్యనియ్య. పోండ్రి," అంది. గల్లీ మొత్తం వింది. నేను తల దించుకుని వెనక్కి వచ్చి, జరిగింది జరిగినట్టు మేడమ్‌కు చెప్పాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఇంటింటా సంతకం పెట్టించి తెచ్చిన ఒప్పుదల కాగితాలు ముందు పెట్టుకుని ఒక్కొక్కటే తిరగేశారు.

"సంతకాలన్నీ ఉన్నయి. ఒప్పుకున్నోళ్ళే లేరు," అన్నారు చివరికి.

మర్నాడే పరిశోధన ఆపేశారు. గడువు దగ్గర పడుతోందని హెడ్ సార్ చిరాకుపడ్డారు. కమిటీ అనుమతి ఇచ్చాక మనకేం భయం, ఎవరడుగుతారు అన్నారు. వాళ్ళే అడుగుతారు సార్, వాళ్ళు అడగాలి కూడా, అని మేడమ్ లేచి వచ్చేశారు. పని ఆగిపోతే నా చదువూ ఆగిపోతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. భయపడకు, నీ డిగ్రీ పూచీ నాది, వాళ్ళ ఇంటి పరువు పూచీ కూడా నాదే, రెండోదే ముందు అని చెప్పారు.

గల్లీలో చిన్న చర్చి ఉంది. ఆదివారం ప్రార్థన అయ్యాక అక్కడే అందరినీ కూర్చోబెట్టారు. చర్చికి వచ్చే ఇళ్ళ వాళ్ళూ వచ్చారు, బోనాలెత్తే ఇళ్ళ వాళ్ళూ వచ్చారు. మేడమ్‌కు కుర్చీ వేస్తే హాయిగా కూర్చున్నారు. మోకాళ్ళ నొప్పులు పెట్టుకుని నేల మీద కూర్చుని వినయం చూపించడం ఆమెకు చేతకాదు. కూర్చోగానే అసలు ప్రశ్న అడిగేశారు. బాలింతల మనసు సంగతి మేం అసలు అడగవచ్చా, అడగవద్దా? వద్దంటే ఇంతటితో మానేస్తాం, మీ మీద కోపం ఉండదు అన్నారు.

ఇంత చదువుకున్నామె ఇలా అడుగుతుందని ఎవరూ అనుకోలేదు. ఇక తలో మాట మొదలైంది. రైల్వేలో పనిచేసి రిటైరైన ఒకాయన ఇంటి ఏడుపు బయట పెట్టుకోవడం ఏం మర్యాద అన్నాడు. దాచుకునే కదా మా అక్క పోయిందని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ అటు తిరిగేలోపే ఆ మనిషి తల దించుకుంది. ఒడిలో పిల్లవాడిని జోకొడుతున్న ఒకమ్మాయి నేరుగా మేడమ్‌ను అడిగింది.

"చెప్తం మేడమ్. చెప్పినంక మీరేం జేస్తరు?"

ఏదో ఒక గట్టి మాట చెప్పి గట్టెక్కుతారని నేను ఎదురుచూశాను. "ఇప్పటికైతే, రాసుకొని పోతం," అన్నారు మేడమ్.

మేరమ్మ పెద్దగా నవ్వింది. "ఏడ్చేదాన్ని ఏడ్వనిచ్చి పోయేతందుకు గింత చదువెందుకు మేడమ్?"

మేడమ్ కూడా నవ్వారు. నిజమే, ఏం చేయాలో మీరే చెప్పండి అన్నారు. ఆ రోజు నుంచి వరసగా ఆదివారాలు మా క్లాసు మెట్టుగూడకు మారింది. టీచర్లు వాళ్ళు, విద్యార్థులం మేం. గొడవలు లేకుండా ఏమీ కాలేదు. ఒక వారం అత్తలూ కోడళ్ళూ రెండు వైపులా కూర్చుని గట్టిగానే వాదించుకున్నారు. నిజంగా ప్రాణం మీదికి వచ్చే మాట చెప్తే దాన్ని దాచిపెట్టడం తప్పని అత్తలన్నారు. అలా అని అందరికీ చెప్తే మేం నోరే విప్పమని కోడళ్ళన్నారు. మధ్యలో కుదిరిన మాట ఇది: మొదలు పెట్టేముందే ప్రతి మనిషి తనకు నమ్మకమున్న ఒక్కరి పేరు చెప్పాలి, అవసరమైతే వాళ్ళకే చెప్పాలి, ఇంకెవరికీ కాదు. మా పుస్తకాల్లో అంత తేటగా ఎక్కడా లేదు. అలాంటి మాట చెప్పిన పూటే ఆ మనిషిని డాక్టరు చూడాలన్నది అందరూ కలిసి పెట్టిన షరతు.

ఇక తలుపు సంగతి మిగిలింది. అది తేల్చింది మేరమ్మే. బాలింతకు తలకు పోశాక కుంపటిలో సాంబ్రాణి వేసి, ఆ పొగకు జుట్టు ఆరబెడతారు కదా. ఆ కాసేపు బిడ్డను అత్తో ఆడబిడ్డో ఎత్తుకుని బయటికి పోతారు. పొగ పట్టించడానికి ఎవరో ఒకరు పక్కన కూర్చుంటారు. ఆ కూర్చునేది మీ పిల్లనే కానివ్వండి అంది. అన్ని ఇళ్ళలోనూ జరిగేదే కాబట్టి ఎవరూ పట్టించుకోరు అంది. తలపైన కొంగు సర్దుకుని ఇంకో మాట చెప్పింది.

"పొగకు కండ్లల్ల నీళ్ళొస్తయి. ఎందుకొచ్చినయని ఎవ్వరడగరు. నేను గూడ నా కాన్పుల గా పొగలనే ఏడ్చిన."

మమ్మల్ని గుమ్మంలో ఆపిన మనిషి అన్న మాట అది. మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నేనైతే తుడుచుకోవడానికి ఏం దొరక్క కొంగు చాటు చేసుకున్నాను.

మళ్ళీ కమిటీ ముందుకు వెళ్ళాలి. సాంబ్రాణి పొగలో ఇంటర్వ్యూ అనేసరికి బల్ల చుట్టూ నవ్వులు మొదలయ్యాయి. ప్రైవసీ అంటే మూసిన గదే కదా అని ఒక సార్ అడిగారు. మేడమ్ తలుపు తీసి, బయట బెంచీ మీద కూర్చున్న మేరమ్మను లోపలికి పిలిచారు. ఆ గదిలో అదనపు కుర్చీ లేదు. మేడమ్ తన కుర్చీ ఆమెకు ఇచ్చి నిలబడ్డారు. ఆ రోజు మాత్రం మోకాళ్ళ ఊసు రాలేదు. వాళ్ళేం అడిగితే మేరమ్మ అది చెప్పింది. తలుపు వేస్తే గల్లీ చూస్తుందని, పొగ వేస్తే చూడదని చెప్పింది. మీ ఇళ్ళల్ల బాలింతలు లేరా సార్, వాళ్ళనెవరన్న తలుపేసి అడిగినరా అని కూడా అడిగింది. మొదట నవ్విన సారే పెన్ను తీసి ఆ షరతులు సొంత చేత్తో రాశారు. ఆ పూటే అనుమతి వచ్చింది. అంతేకాదు, ఇకమీద బాలింతల మీద ఏ పరిశోధన వచ్చినా ఆయా బస్తీల ఆడవాళ్ళు కమిటీలో కూర్చోవాలని కూడా ఒప్పుకున్నారు.

తార్నాక దాకా మేం నడిచామో ఎగిరామో నాకు గుర్తులేదు. చౌరస్తా దగ్గర బండి మీద మేడమ్ అందరికీ మిర్చీ బజ్జీలు ఇప్పించారు. మేరమ్మ ఇంకో ప్లేటు అడిగింది. అంత ఆనందంగా మేడమ్‌ను నేను అంతకుముందు చూడలేదు. నూనె చేతుల్తోనే నా వీపు మీద ఒకటి చరిచారు. ఆ మరక పోని జాకెట్టు ఇప్పటికీ పారేయలేదు.

స్వప్నకు ఆడపిల్ల పుట్టింది. తల్లి లేని పిల్ల కాబట్టి కాన్పు అత్తగారింట్లోనే జరిగింది. అవసరమైతే ఎవరికి చెప్పాలని అడిగితే భర్త పేరు కాదు, మేరమ్మ పేరు చెప్పింది. ఒకరోజు పొగ పట్టిస్తూ నేను అడగాల్సినవి అడిగాను. మామూలుగానే జవాబులు చెప్తూ వచ్చి మధ్యలో ఆగింది. "నాకు బతకాలనిపిస్తలేదక్కా," అంది. గొంతు పెంచలేదు. పేరు అడిగితే చెప్పినట్టు చెప్పింది.

అత్తమ్మకు చెప్పమంటావా అని అడిగాను. చెప్పు, కానీ మేడమ్‌తో చెప్పించు అంది. నేను ఆమెను వదలకుండా అక్కడే కూర్చుని ఫోన్ చేశాను. మేడమ్ తార్నాక నుంచి ఆటోలో వచ్చేశారు. మేరమ్మను పక్కకు తీసుకెళ్ళి నిదానంగా చెప్పారు. మేరమ్మ అక్కడే గడప మీద కూలబడింది.

"పిచ్చా మేడమ్?"

"కాదు. జబ్బు. మందు ఉన్నది, తగ్గుతది."

మేరమ్మ లేచింది. మనవరాలిని ఎత్తుకుంది. కోడలి భుజం చుట్టూ దుప్పటి కప్పింది. గల్లీలోకి రాగానే ఎక్కడికి వదినా అని ఎవరో అడిగారు. కడుపు నొప్పనో జ్వరమనో అంటుందని నేను అనుకున్నాను. "మా కోడలికి మనసు మంచిగ లేదు, డాక్టరమ్మకు చూపించనీకె పోతున్నం," అంది, గల్లీ మొత్తానికి వినబడేలా. "మీ ఇంట్ల గిట్ల ఎవరికన్న ఉంటే తోల్కరండ్రి, దాచకుండ్రి."

స్వప్న కోలుకోవడానికి నెలలు పట్టింది. కోలుకుంది. ఆ తర్వాత మేం ఇంటింటికీ వెళ్ళే పని తగ్గింది, వాళ్ళే రావడం మొదలుపెట్టారు. తేలిన సంగతులు జర్నల్ కంటే ముందు చర్చి హాల్లో చదివి వినిపించారు మేడమ్. ఇది మేం చెప్పింది కాదని వాళ్ళు రెండు చోట్ల పట్టుకుంటే, అక్కడే కొట్టేసి మళ్ళీ రాశారు. అడగడం ఎవరికైనా వస్తుంది, విన్నాక అక్కడ ఉండటమే చదువు అని మాకు చెప్పేవారు. నేను ఇప్పుడు నా పిల్లలకు అదే చెప్తున్నాను, నా మాటేనన్నట్టు.

గురువారం నేను తార్నాక చేరేసరికి ఆ గల్లీ నిండా మెట్టుగూడ ఆడవాళ్ళే. ప్రొఫెసర్లు ఒక పక్కన నిలబడి సంతాప సభ ఎప్పుడు పెట్టాలో మాట్లాడుకుంటున్నారు. నల్లకుంటలో ఉండే మేడమ్ చెల్లెలు అందరికీ ఒక సంగతి చెప్పారు. తన శరీరాన్ని వైద్య విద్యార్థుల చదువుకు ఇవ్వాలని అక్క ఎప్పుడో రాసిపెట్టిందట. ప్రొఫెసర్లు గొప్ప నిర్ణయం అన్నారు. ఆడవాళ్ళు మేరమ్మ వైపు చూశారు.

మెడికల్ కాలేజీ బండి వచ్చింది. దిగిన కుర్ర డాక్టరు చెల్లెలి చేత సంతకం చేయించుకుని, ఇక పోనిద్దామన్నట్టు చూశాడు. మేరమ్మ అడ్డం వచ్చి నిలబడింది. మేడమ్‌ను తీసుకుపోయి ఏం చేస్తారో చెప్పమంది. అతను ఇంటివాళ్ళు ఒప్పుకున్నారని అన్నాడు. మేమూ ఇంటోళ్ళమే, చెప్పు అంది స్వప్న.

ప్రొఫెసర్లలో ఒకరు సర్దిచెప్పడానికి ముందుకు వచ్చారు. డాక్టరే ఆయన్ను ఆపి, చేతిలో కాగితాలు బండిలో పెట్టి, ఎండలో వాళ్ళ ముందు నిలబడ్డాడు. ఎక్కడ ఉంచుతారు అని అడిగారు, చెప్పాడు. ఎంతమంది పిల్లలు చదువుకుంటారు, ఆడపిల్లలు కూడా ఉంటారా అని అడిగారు, ఉంటారన్నాడు. అయిపోయాక ఏం చేస్తారని ఒకామె అడిగింది. మర్యాదగా అంత్యక్రియలు చేసి సాగనంపుతామని, కావాలంటే మిమ్మల్ని పిలుస్తామని చెప్పాడు. పిలవాలె అన్నారు నలుగురైదుగురు ఒకేసారి. రాసుకున్నాడు.

"ఆమె ఎవరో ఆ పిల్లలకు ఎరికుంటదా?" అని అడిగింది మేరమ్మ.

"మొదటి రోజు క్లాసులో అందరం నిలబడి దండం పెడతాం అమ్మా. పేరు చెప్పం. ఇక్కడ నిలబడి మీరు అడిగిన సంగతి మాత్రం నేను వాళ్ళకు చెప్తాను."

మేరమ్మ వెనక్కి తిరిగి మిగతావాళ్ళ ముఖాలు చూసింది. ఒక్కొక్కరూ తలూపారు. స్వప్న అందరికంటే ఆలస్యంగా ఊపింది. అప్పుడు మేరమ్మ పక్కకు జరిగింది.

"సరే బిడ్డా. తీస్కపో," అంది.

మేడమ్‌ను బండిలోకి ఎక్కించాక కుర్ర డాక్టరు డ్రైవర్ పక్క సీటు దాకా వెళ్ళి ఆగాడు. మళ్ళీ వెనక్కి వచ్చి, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, బండి లోపల మేడమ్ పక్కన కూర్చున్నాడు.